గంగమ్మ చూసిన దూడ

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మహానందయ్యకు ఎన్నడూ లేని జబ్బు ఆ వేసవిలో వచ్చింది. ఉలి పట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు. నొప్పి లేదు, వాపు లేదు. నంద్యాలలో డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, చేతికేం లేదు, మనసు కుదుటపరచుకోమన్నాడు. అది ఏ మందుల షాపులో దొరుకుతుందో మాత్రం చీటీ మీద రాయలేదు.

జబ్బుకు మూలం ఫోను. నంద్యాలలో డిగ్రీ చదువుతున్న కూతురు జాహ్నవి సెలవులకు వచ్చి, తన పాత ఫోను తండ్రికిచ్చి, ఎండ ఎంతుందో చూసుకోవడం నేర్పిపోయింది. అంతవరకూ ఎండను చెమటతో కొలుచుకున్న మనిషి అప్పటినుంచి అంకెల్లో చూడసాగాడు. నలభై ఐదు. నలభై ఆరు. అంకె కింద వార్తలు కూడా వచ్చేవి. మంచుకొండలు కరిగిపోతున్నాయట, సముద్రాలు పొంగుతున్నాయట, ఇంకో యాభై ఏళ్లకు పగటిపూట బయట తిరగలేమట. మంచుకొండను జన్మలో చూడని మహానందయ్య దానిమీద బెంగ పెట్టుకుని అన్నం సగానికి తగ్గించాడు. నిద్రయితే పూర్తిగా మానేశాడు.

"యాభై ఏండ్లకు మన మనవళ్లు ఏం తాగుతారే?" అని ఒక పొద్దున భార్యను అడిగాడు.

"ఈ పూట మనం ఏం తాగల్లో అది చూడు. మొన్నట్నుంచి కుళాయి రాల్యా," అంది వెంకటరమణమ్మ, ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు పెట్టి. బిందెలో పట్టని సంగతుల మీద ఆమెకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

జబ్బు ముదిరింది గంగమ్మ దగ్గర. దొర్నిపాడు వాళ్లు చేయించుకుంటున్న గంగమ్మ విగ్రహం పూర్తయింది, ఒక్క కళ్లు తప్ప. మహానందయ్య ఇంటి ఆనవాయితీ ప్రకారం కళ్లు అన్నిటికన్నా చివర, పొద్దుపొడిచే వేళ చెక్కాలి. తెరిచిన కళ్లతో దేవత మొట్టమొదట చూసేది మంచిదై ఉండాలి. అందుకని ఎదురుగా ఆవునూ దూడనూ నిలబెడతారు. ఇన్నేళ్లూ ఆ పని పక్కింటి ఆవు చేసిపెట్టేది, అరటిపళ్లు తినిపోయేది. ఈ ఏడు మేత దొరక్క పక్కింటివాళ్లు దాన్ని దూడతో సహా అమ్మేశారు.

ఉలి పట్టుకుని గంగమ్మ ముందు కూర్చుని మహానందయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ కొట్టం. దాని వెనక ఎండిపోయిన వంక, వంక నిండా ప్లాస్టిక్ కవర్లు. నీళ్ల తల్లికి కళ్లిచ్చి ఇదా చూపించడం అనుకున్నాడు. ఆ క్షణాన ఆగిన చెయ్యి మళ్లీ కదల్లేదు. ప్రతిష్ఠకు ముహూర్తం కుదిరిపోయింది. దొర్నిపాడు గుడి పెద్ద రోజూ ఫోను చేస్తున్నాడు. కళ్లు లేని అమ్మవారిని బండెక్కిస్తే తాత సంపాదించిన పేరు దానితోపాటే పోతుంది. ఈ భయం ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. యాభైల్లో పడ్డ శిల్పి ఎండకు భయపడ్డాడంటే ఊరు నవ్వుతుంది.

వెంకటరమణమ్మకు చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. ఆమె కూతురికి చెప్పింది. కూతురు ఫోను చేసింది.

"నాయనా, పోయినేడు నాకూ ఇట్లే అయ్యింది. రాత్రంతా మేలుకునేదాన్ని. ఆదివారం నంద్యాలకు రా. పీరా మామ కొట్టు వెనకాల చెత్తతో బొమ్మలు చేస్తాండాం. చేతులకు పని దొరికితే భయం తగ్గుతాది."

"దేవుళ్లను చేసేటోన్ని నేను. చెత్తతో ఆడుకునేదానికి రావల్నా?"

"ఇప్పుడు చేస్తాండావా దేవుళ్లను?"

ఆదివారం ముఖం ముడుచుకునే బస్సెక్కాడు.

పీరాది పాత సామాన్ల కొట్టు. వెనక రేకు నీడలో జాహ్నవి, ఆమె స్నేహితురాళ్లు సీసా మూతలతో ఒక చెట్టు కడుతున్నారు. పీరా భార్య సకీనా షాంపూ ప్యాకెట్లను పొలుసుల్లా కుట్టి చేప చేస్తోంది. అందరూ భయస్తులేనట, ఎవరి ముఖంలోనూ ఆ జాడ లేదు. మహానందయ్యకు మనిషెత్తు కుప్ప ఒకటి చూపించి, "ఇది నీది అన్నా. ఏమన్నా చేసుకో," అన్నాడు పీరా.

మహానందయ్య పంచె ఎగగట్టి కుప్ప చుట్టూ తిరిగాడు, కొత్త రాయిని చూసినట్టే. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే. అక్కర్లేనిదాన్ని తీసేస్తే లోపలున్నది బయటపడుతుంది. తీయడం మొదలుపెట్టాడు. సీసాలు తీసి ఒక పక్కన పెట్టాడు, రేకులు తీసి ఇంకో పక్కన పెట్టాడు. తీగలు, అట్టలు, తెగిన చెప్పులు, దేని తావు దానిది. అన్నానికి పిలిస్తే వినిపించుకోలేదు. పొద్దు వాలేసరికి కుప్ప లేదు. అది ఉన్నచోట శుభ్రమైన నేల కనిపిస్తోంది.

అంతా కలిపి పోసిన సామాను ఏ రకానికి ఆ రకం విడిపోయి ఉండటం చూసి పీరాకు కళ్లు చెమర్చాయి.

"అన్నా, నువ్వు రోజూ రా," అన్నాడు.

"శానా సేపు వెతికినా పీరా. లోపల ఏమీ ల్యా," అన్నాడు మహానందయ్య దిగులుగా.

జాహ్నవి నవ్వాపుకోలేకపోయింది. "తీస్తే వచ్చేదానికి ఇది రాయి కాదు నాయనా. ఒకదానికొకటి కలపల్ల."

ఆయనకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. టీ కూడా తాగకుండా బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఇంకెప్పుడూ రానని ఒట్టు పెట్టుకునేలోపే నిద్రపోయాడు. కండక్టరు తట్టి లేపితే అది చాగలమర్రి. ఆళ్లగడ్డ ఎప్పుడో దాటిపోయింది. వెనక్కి పోయే బస్సు కోసం నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది, పొద్దుట్నుంచీ ఫోను తీసి చూడలేదని. మనవళ్లూ మంచుకొండలూ కూడా తలపుకు రాలేదు. చాగలమర్రి బస్టాండులో ఆయన ఒంటరిగా నవ్వుకున్నాడు.

తరువాతి ఆదివారం పిలవకముందే పోయాడు. ఎదురుగా ఏం నిలబెట్టాలో దారిలోనే తేల్చుకున్నాడు. ఆవుకు నూనె డబ్బాలతో ఒళ్లు, సైకిలు హ్యాండిలుతో కొమ్ములు, ఫ్యాను రెక్కలతో చెవులు. చర్మానికి పాత కూలర్ల గడ్డి. దూడ కూడా అలాగే తయారైంది గానీ, దాని వెనక కాలు ఒకటి ఎంత బిగించినా ఊడొచ్చేది. జీవితమంతా తీయడమే తెలిసిన చేతులకు అతికించడం అంత తొందరగా పట్టుబడదు. భయం పోయిందా అంటే పోలేదు. కాకపోతే ఇప్పుడది పక్కన కూర్చుని పని చూస్తోంది, ముందులాగా చేతి మీద కూర్చోవడం లేదు.

కళ్లు తెరిచే రోజు తెల్లారకముందే దొర్నిపాడు పెద్దలు ట్రాక్టరులో దిగారు. పీరా ఆటోలో జాహ్నవి వెంట వచ్చిన ఆవునూ దూడనూ చూసి గుడి పెద్ద ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందప్పా ఇది? చెత్త ముందర అమ్మ కళ్లు తెరుస్తదా?"

"నిన్నటిదాకా చెత్తే. ఇట్లాటిదే వంకల్లో పడి అమ్మకు అడ్డం పడతాండె," అన్నాడు మహానందయ్య. "ఇప్పుడు ఆవు అయ్యింది. నిజం ఆవుకు మేత ల్యాక పాయె, మీ ఊర్లో ఉంటే తోలుకరాపో, ఆపుతా."

వాళ్ల ఊళ్లోనూ మేత లేదు. గుడి పెద్ద గొణుక్కుంటూ పక్కకు జరిగాడు.

తూరుపు ఎర్రబడింది. మహానందయ్య ఉలి ఆనించాడు. ఒకసారి వెనక్కి చూసి, ఆవు అక్కడే ఉందని నిదానించుకుని, సుత్తి ఎత్తాడు. కుడికన్ను తెరుచుకుంది. ఎడమకంటికి వచ్చాడు. అందరి చూపూ విగ్రహం మీదే. ఆ అదనులో వీధిలో పోయే మేక ఒకటి లోపలికొచ్చి దూడ తోకలోని కూలరు గడ్డి నమలసాగింది. చివరి గీత పడుతుండగా వెంకటరమణమ్మ దాన్ని చూసి చీపురు తీసుకుంది. మేక బెదిరి దూడను గుద్దింది. కాలు ఊడింది. జాహ్నవి ఒక్క గెంతున పోయి, దూడ కింద మోకాళ్లమీద కూలబడి, దాని బరువంతా భుజానికెత్తుకుని అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పటికి గంగమ్మ రెండు కళ్లూ తెరిచి ఉంది.

"అపశకునమప్పా," అన్నాడు గుడి పెద్ద, ముఖం పాలిపోయి. "ఫస్టు చూపే విరిగిన దూడ మీద పడె."

మహానందయ్య విగ్రహం పక్కకు వచ్చి, తల వంచి, అమ్మ చూస్తున్న వైపే చూశాడు. ఖాళీ కొట్టం ఉంది, వంకా ఉంది. వాటికి ముందు, గడ్డిపరకలు జుట్టులో చిక్కుకుని, చెమటలు కక్కుతూ దూడను మోస్తున్న తన కూతురు ఉంది.

"దూడ మీద పడలేదప్పా. దాన్ని నిలబెడ్తాండేదాని మీద పడింది," అన్నాడు. "మంచిదే చూసింది. ధైర్యంగా తోలుకపో."

గుడి పెద్ద కూడా వంగి చూశాడు. తుండుగుడ్డ భుజం మీంచి తీసి విగ్రహానికి దండం పెట్టాడు.

"అమ్మ చూసింది చాలు గానీ," అని లోపలినుంచి వెంకటరమణమ్మ కేకేసింది, "కుళాయి వచ్చింది. బేగా బిందెలు పట్టండి."

మహానందయ్య ఉలి కింద పెట్టి, రెండు చేతులా రెండు బిందెలు పట్టుకుని పరిగెత్తాడు.