అల్లుడు ఒక్కడే ఆడిన ఆట

వీడియో పంపినవాడు అల్లుడే. "అత్తయ్యా, మీ అటక మీద దొరికిన ఆట గురించి చేశాను, చూడండి" అని కింద నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. అత్తగారు ఫోనును కుట్టుమిషనుకు ఆనించి, చొక్కాకు కాజాలు కుడుతూ చూడటం మొదలుపెట్టింది. మూడో నిమిషంలో సూది వేల్లో దిగింది.

పాత వీడియో గేముల మీద సరదా వీడియోలు చెయ్యడం అల్లుడికి ఉద్యోగం కాని ఉద్యోగం. ఈసారి పది చెత్త ఆటలను వరస కట్టి, అందులో మొదటి పీట 'రెండు రేవులు'కు వేశాడు. "రంగుల్లేవు, పాటల్లేవు. పడవలు నత్తల్లా పాకుతాయి. ఎదుటి రేవువాడు గుడ్లప్పగించి కూర్చుంటాడు. చేసినవాళ్లు అసలు ఆడి చూశారో లేదో! నిద్రపట్టనివాళ్లకు మాత్రం మంచి మందు" అన్నాడు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. వేలు చప్పరిస్తూనే కూతురికి ఫోను చేసింది.

"మీ ఆయన ఆ ఆట ఎవరితో ఆడాడే?"

"ఎవరితో ఏంటమ్మా? ఒక్కడే. అరగంట ఆడి కట్టేశాడు."

"అదీ సంగతి! మూత తియ్యకుండానే కూరకు వంక పెట్టాడన్నమాట."

"అబ్బా, వదిలెయ్యమ్మా. ఆటేగా!"

ఆటేగా! ఆ మాటతో ఆవిడ కోపం రెండింతలైంది. కొత్తకోడలిగా వచ్చిన మొదటి నాలుగు నెలలు ఆవిడా, ఆడపడుచూ ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని బట్టలు కుట్టేవాళ్లు. ఒకరు కత్తెర అడిగితే ఒకరు జరిపేవాళ్లు. అంతకు మించి మాటల్లేవు. ఓ ముసురు రోజున మిషను మోటారు కాలిపోయి పని ఆగిపోతే, ఇంట్లో మూలనపడి ఉన్న గేము పెట్టెను ఏమీ తోచక టీవీకి తగిలించారు. దాంతో వచ్చిన పుస్తకంలోది తెలియని భాష. బొమ్మలు చూసి ఏది ఉప్పో, ఏది కలపో, పడవ కట్టాలంటే ఏమేం కావాలో కూడబలుక్కున్నారు. ఒకరి ఎత్తు ఒకరికి తెలియకూడదు కాబట్టి చేతుల మీద లైనింగు గుడ్డ కప్పుకుని మీటలు నొక్కేవాళ్లు. సంధి కుదరనిదే ఎవరి పడవా ఏరు దాటదు. కుదిరిన సంధిని ఎప్పుడు తెంచాలో తెలిసినవాళ్లదే గెలుపు. మొదటిరోజే ఆడపడుచు ఉప్పు పడవలన్నీ కాజేస్తే, "ఇదేం అన్యాయం వదినా!" అని కోడలు ఎలుగెత్తి అరిచింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు లేవడం అదే మొదలు. వదిన పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత ఇద్దరి నోళ్లకూ మూత పడితే ఒట్టు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వదినను వెంటబెట్టుకుని అల్లుడింటి గుమ్మంలో దిగింది. అల్లుడు తీసుకెళ్లినది ఒక్క కంట్రోలరే. రెండోది ఇన్నాళ్లూ వదిన బీరువాలో ఉంది.

"రండత్తయ్యా, కాఫీ పెడతాను."

"కాఫీకేం తొందర బాబూ? ముందు కూర్చోండి, ఆడదాం."

"కోపమొచ్చిందా? ఏదో జనాన్ని నవ్వించడానికి..."

"నవ్వించండి, కాదన్నానా? పెట్టె మీద పక్కపక్కన ఇద్దరి బొమ్మ అంత లావున వేసి ఉంటే మీ కంటికి ఆనలేదా? చొక్కాకు ఒక చెయ్యే తొడుక్కుని, కుట్టినవాడికి పని రాదంటే ఎలాగండీ? అది ఎవరో కళ్లు కాయలు కాచేలా కూర్చుని చేసిన పని!"

అల్లుడు కంట్రోలరు అందుకున్నాడు. మొదట పెద్దావిణ్ణి గెలిపిద్దామన్న దయతోనే ఆడాడు. "ఉప్పు మీకు, కలప నాకు. సరేనా?" అన్నాడు. ఆవిడ తలూపింది. మరి రెండు ఎత్తుల్లో అతని కలప పడవలు తొమ్మిదీ ఆవిడ రేవులో కట్టేసి ఉన్నాయి.

"అత్తయ్యా! మాటనుకున్నాం కదా!"

"అనుకున్నాం."

"మరి?"

"నేనూ ముప్పై ఏళ్లుగా అదే అడుగుతున్నాను నాయనా" అంది వదిన, సోఫాలో కాళ్లు ముడుచుకుంటూ.

అల్లుడు కుర్చీ ముందుకు లాక్కుని, చేతుల మీద తువ్వాలు కప్పుకున్నాడు. "ఇంకో ఆట" అన్నాడు. అదీ ఓడాడు. మూడో ఆటలో అత్తగారి ఉప్పంతా ఊడ్చుకుపోయి, కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. అతని భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

అయినా అత్తగారి కోపం చల్లారలేదు.

"ఇప్పుడా వీడియో తీసెయ్యండి."

"ఇప్పుడెలా అత్తయ్యా? లక్షమంది చూసేశారు."

"లక్షమందికీ తప్పు చెప్పారుగా. అది తప్పని కూడా ఆ లక్షమందికీ మీరే చెప్పండి."

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. తువ్వాలు మడతపెట్టి, "చెబుతాను" అన్నాడు.

చెప్పాడు కూడా. వారం తిరక్కుండా, "నేను పొరపాటు చేశాను. ఈ ఆట ఒక్కడినే ఆడి తీర్పు చెప్పాను" అంటూ కొత్త వీడియో పెట్టాడు. తిట్టుకు వచ్చినంతమంది ఒప్పుకోలుకు రాలేదు, పదో వంతు కూడా. అత్తగారికి ఆ లెక్క మీదా ఒళ్లు మండింది.

మర్నాడు కూతురి ఫోను. "అమ్మా, అన్నం చల్లారిపోతోంది, ఈయన లేవడంలేదు. ఆ ఆట శుద్ధ దండగని ఎవడో రాశాట్ట. నువ్వు ఆడావా, ఎవరితో ఆడావు అంటూ వాడి మీద చిందులు తొక్కుతున్నారు!"

"తొక్కనీవే" అంది ఆవిడ. "ఆ రాసినవాడు ఎక్కడుంటాడో అడుగు. మా వదినా నేనూ వస్తాం."