బురుజు మీద చివరి మెట్టు

పొద్దున తొమ్మిదింటికి ఊళ్లో మెట్లన్నీ పనిలోకి దిగుతాయి. ఆ వేళకి మెట్లావిడ మంచం మీద కాళ్లు బారచాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఉంటుంది. ముందుగా ఎడమ మోకాల్లో బడి మెట్లు మొదలవుతాయి, చిటపటమంటూ, ఒకటి వదిలి ఒకటి తొక్కే కాళ్లు. తర్వాత కుడి మోకాల్లో బ్యాంకు, కోర్టు, పళ్ల డాక్టరు. పళ్ల డాక్టరు దగ్గరికి ఎక్కేవాళ్లు నత్తల్లా ఎక్కుతారు, దిగేటప్పుడు మాత్రం కుక్క తరిమినట్టు దిగుతారు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ నూట పన్నెండు భవనాలకి మెట్లు కట్టింది. ఇసక తట్ట మోయడానికి వచ్చిన పిల్ల తాపీ పట్టుకుంటానంటే మేస్త్రీలు విరగబడి నవ్వారు. నవ్విన వాళ్లు కట్టిన మెట్ల మీద జనం బోర్లా పడ్డారు. ఈవిడ కట్టిన వాటి మీద ఇంతవరకూ ఒక్కరూ తూలలేదు. ఆరున్నర అంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు. ఇల్లు కట్టించేవాళ్లు బతిమాలినా, బెదిరించినా, అందులో పిసరంత కూడా మార్చేది కాదు. అలా కట్టిన ప్రతి మెట్టూ ఆవిడ మోకాళ్లకి తెలుసు. దాని మీద ఎవరు కాలు పెట్టినా ఆ బరువులో చిటికెడు ఇక్కడికి చేరుతుంది. మిగతా వాళ్లకి వాతం, ఈవిడకి జనం, అంతే తేడా.

ఎముకల డాక్టరు కూడా చీటీ మీద అలాగే రాశాడు. 'రోజుకి సుమారు నాలుగు వేల మంది' అని.

"ఆదివారం తగ్గుతుందా?" అని అడిగాడు.

"తగ్గుతుంది డాక్టరుగారూ. సినిమాహాలు తప్ప."

"ఇంకొక్క పెద్ద భవనం కట్టారంటే మాత్రం ఇక మంచం దిగలేరు. నేనేం చెయ్యలేను."

అప్పట్నుంచీ తాపీ మూలన పడింది. ఇల్లు మూడో అంతస్తు. ఆ మెట్లు ఎవరో చేతకాని వాడు కట్టినవి, ఒకదానికొకటి పొంతన లేదు. వాటిని దిగి నాలుగు నెలలైంది. ఇంట్లో తిరగడానికే చేతికర్ర కావాలి.

పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసింది. "వదినా, మా ఆయన బ్యాంకులోకి వెళ్లాడా?"

"మూడో మెట్టు మీదే నిలబడ్డాడు. బరువంతా ఒక కాలి మీద వేశాడంటే ఎవరో కబుర్లకి దొరికారన్న మాట."

"నాతో మాట్లాడమంటే మాత్రం నోట్లో నీళ్లు పోసుకుంటాడు" అని పక్కింటావిడ వచ్చి చాట తన వైపు లాక్కుంది.

ఆ మధ్యాహ్నం కూతురు వేళకాని వేళ ఇంటికొచ్చింది. చంకలో ల్యాప్‌టాప్. ఆ పిల్ల పనిచేసేది ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. పద్నాలుగు మంది, నాలుగో అంతస్తులో ఒకటే హాలు. ఆ భవనానికి మెట్లు కట్టింది తల్లే కాబట్టి, కూతురు ఎప్పుడు బయల్దేరిందో, ఏ మూడ్‌లో ఉందో, రాకముందే ఇంట్లో తెలుస్తుంది.

"దిగేటప్పుడు రెండో అంతస్తు దగ్గర ఎందుకాగావే?"

"వెనక్కి పోదామా అనుకున్నానమ్మా. నువ్వు తిడతావని."

"తిట్టే పనే చేశావా ఏంటి?"

"ట్రైలర్ తెచ్చాను. రేపు పదకొండింటికి అందరికీ వదుల్తున్నారు. నీకు ముందు చూపిద్దామని."

ఆరేళ్లుగా ఆ పిల్ల చేస్తున్న ఆట అది. ఒక వింత లోకం. ఎటు చూపు పోతే అటు వెళ్లొచ్చు, ఏది కనబడితే దాన్ని ఎక్కొచ్చు. కొండలు, వంతెనలు, మేడలు, అన్నిటి మీదా గెంతుకుంటూ పోవడమే ఆట. ఆ లోకంలో ఎక్కే చోట్లన్నీ ఈ పిల్లే కట్టింది. ట్రైలర్ జనానికి నచ్చితే ఆట పూర్తవుతుంది, లేకపోతే పద్నాలుగు మందీ తలో దారి.

మెట్లావిడ కళ్లద్దాలు తుడుచుకుని ముందుకి వంగింది. తెర మీద కుందేలుకీ ఉడతకీ మధ్యరకం జీవి ఒకటి గడప దాటి బయటికొచ్చింది. ఎదురుగా కనుచూపు మేర లోకం.

"ఇంత ఊరు కట్టారు, ఒక్కచోట రెయిలింగు పెట్టలేదు. ఇది నీళ్లలో పడితే?"

"మళ్లీ మొదట్నుంచి ఎక్కుతుంది."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లయినా."

"పెట్టి పుట్టింది" అంది మెట్లావిడ.

ఆ జీవి రాతి మెట్ల మీదికి గెంతింది. మెట్లావిడ ఎడమ మోకాల్లో చిన్న అడుగు పడింది. పిల్లిపిల్ల ఎక్కినంత. వెంటనే ఇంకొకటి. వంతెన మీద ఒకటి, కొండ అంచు మీద ఒకటి. ఆవిడ తలెత్తి కూతురి వంక చూసింది.

"నా కొలతలు పెట్టావా?"

"కావాలని పెట్టలేదమ్మా. చేతికి అవే వస్తాయి" అంది కూతురు నెమ్మదిగా. సిమెంటు బస్తాల మీద నిద్రపోయి, సగం కట్టిన మెట్ల మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్న పిల్ల. వేరే కొలతలు ఎక్కణ్ణుంచి వస్తాయి.

ట్రైలర్ చివర్లో బురుజు. మెలికలు తిరిగిన మెట్లు, పైన పచ్చటి నాచు. జీవి ఆఖరి మెట్టు వైపు ఎగిరింది. తెర ఒక్క క్షణం ఆకాశం వైపు తిరిగింది. మళ్లీ చూపించేసరికి అది బురుజు మీద నిలబడి ఉంది. అక్కణ్ణుంచి గాల్లోకి దూకింది. ఆట పేరు పడింది.

"బావుందా?" అంది కూతురు.

మెట్లావిడ కుడి మోకాలు పట్టుకుని కూర్చుంది. "అది పైకి ఎక్కలేదు."

"ఎక్కిందిగా, చూశావుగా."

"నువ్వు చూసింది కళ్లతో. నాకు ఇక్కడ నిలబడి ఉంది. ఆఖరి మెట్టు కింద. పైకీ పోదు, కిందికీ రాదు." మోకాలు వంచబోయింది. వంగలేదు.

కూతురు నిజం ఒప్పుకుంది. ఆ ఒక్క గెంతు అందడం లేదు. ఎంత చూసినా లెక్క సరిగ్గానే ఉంది, ఎందుకు అందదో ఎవరికీ అంతుపట్టలేదు. టైం లేదని కంపెనీ పెద్దసారు దాన్ని తీసుకెళ్లి పైన నిలబెట్టించి, మధ్యలో ఆకాశం అతికించాడు. ట్రైలరే కదా, ఆట వచ్చేలోగా చూసుకోవచ్చు అన్నాడు.

"లెక్క సరిగ్గా ఉంటే కాలెందుకు అందదే? బురుజు కట్టాక పైన ఏం పరిచారు?"

"నాచు. బొమ్మలేసే అమ్మాయి తర్వాత పరిచింది."

"ఎంత మందం?"

కూతురు ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది, ఆ మందం లెక్కలోకే రాలేదు. పైన పరిచే బండల మందం తీసేసి ఆఖరి మెట్టు పొయ్యాలని, లేకపోతే ఆ ఒక్కటీ ఎత్తయిపోయి జనం తన్నుకుని పడతారని, తల్లి కూలీల మీద అరుస్తుంటే విని పెరిగిన పిల్ల అది.

"మేస్త్రీ కడుపున పుట్టి బండల మందం మర్చిపోయావు. నా పరువు తీశావు" అంది మెట్లావిడ. ఆ తిట్టులో అంత పస లేదు. మోకాలు సలుపుతోంది.

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆవిడ కళ్లతో చూడనంత కాలం ఆ మెట్లు మోకాళ్లకి తెలియలేదు, ఇప్పుడు తెలిసిపోయాయి. ఒక్కరు చూస్తే ఒక్క జీవి ఇరుక్కుంది. రేపు వేలమంది చూస్తారు. డాక్టరు చెప్పిన పెద్ద భవనం ఇంతకంటే ఏముంటుంది.

"మెట్లన్నీ మార్చేస్తానమ్మా. వేరే కొలత పెడతా. నీకు తగలకుండా."

"మార్చి చూడు. మళ్లీ నా మొహం చూడకు. ఆరేళ్లు కట్టింది కూలగొడతావా, ఒక్క మెట్టు సరిచెయ్యలేక?"

"పెద్దసారు ఒప్పుకోడు. తీసిందంతా మళ్లీ తియ్యాలి."

"వాడెవడే ఒప్పుకోడానికి? ఎక్కని దాన్ని ఎక్కినట్టు చూపించి జనాన్ని రమ్మంటావా? వచ్చినవాళ్లు ఆ మెట్టు దగ్గర పడితే తిట్టేది నిన్ను."

మర్నాడు కూతురు ఏడింటికల్లా వెళ్లిపోయింది. మెట్లావిడ మంచం మీద కూర్చుని ఎడమ మోకాలితో అంతా చూసింది. పిల్ల రెండేసి మెట్లు ఎక్కుతూ నాలుగో అంతస్తుకి పోయింది. కాసేపటికి మడమలతో నడిచే బరువైన మనిషితో కలిసి కిందికొచ్చింది. ఆయనే పెద్దసారు. హాల్లో అందరూ వింటారని మూడో అంతస్తు మలుపులో నిలబడ్డారు. ఆయన ఇటు ఒక అడుగు, అటు ఒక అడుగు, పక్కకి రెండడుగులు వేస్తున్నాడు. పిల్ల పాదాలు మాత్రం దిగేసిన మేకుల్లా ఉన్నాయి. ఒక్కసారి కూడా కదల్లేదు.

"ఏమంటోంది వదినా?" అంది పక్కింటావిడ పక్కన కూర్చుని.

"మాటలు నాకెలా తెలుస్తాయి. తప్పు తనదేనని చెప్పేసి ఉంటుంది. అలా చెప్పేటప్పుడే అది అంత తిన్నగా నిలబడుతుంది."

చివరికి మడమలు పైకి తిరిగాయి, నిదానంగా. వెనకే పిల్ల అడుగులు, రెండేసి మెట్లు. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"అమ్మా, పదిన్నర వరకూ టైమిచ్చాడు. నాచు పీకేస్తే బురుజు బోడిగా ఉంటుందని బొమ్మలమ్మాయి ఏడుస్తోంది."

"నాచు ముట్టుకోకు. కింద రాయిని అంత మందం చెక్కెయ్. నాచు పైనుంచి కొలుచుకో, రాయి మీద నుంచి కాదు."

"సరే."

"చెక్కాక నువ్వే ఎక్కించి చూడు. ఇంకొకళ్లకి వదలకు."

పది దాటి పావుగంటకి, నిన్నట్నుంచీ కుడి మోకాల్లో గడ్డకట్టుకుని ఉన్న ఆ చిన్న కాలు లేచింది. పైన ఆగింది. తర్వాత దూకేసింది. మోకాలు వంగింది. "అందింది" అని పక్కింటావిడతో చెప్పి చాట దగ్గరికి లాక్కుంది.

పదకొండింటికి ట్రైలర్ వదిలారు. పక్కింటావిడ ఫోన్‌లో చూస్తూ లెక్క చదువుతోంది. "నాలుగొందల మంది. వదినా, రెండు వేలు. ఎనిమిది."

అడుగులు మొదట చినుకుల్లా వచ్చాయి. ఆ తర్వాత రేకుల కప్పు మీద వాన. మెట్లావిడ రెండు చేతులా పరుపు పట్టుకుంది. వంతెనలు, కొండలు, బురుజు, అంతా కాళ్లే. పై మెట్టు మీద గుంపు కట్టాయి. ఇక తన పని అయిపోయిందనుకుంది. ఇంతలో ఒక్కొక్కటే దూకడం మొదలుపెట్టాయి.

ఊళ్లో మెట్లు ఎక్కినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దిగుతారు, దిగేటప్పుడు ఇంకా గట్టిగా తొక్కుతారు. వీళ్లు దిగడం లేదు. గాల్లోకి లేస్తారు, ఆట పేరు పడుతుంది, అయిపోతుంది. లేచిన ప్రతి కాలూ పోతూ పోతూ మోకాల్లోంచి ఏదో కాస్త ఊడబెరుక్కుపోతోంది. ముందు కోర్టు బరువు పోయింది. అన్నిటికంటే అదే ఎక్కువ. తర్వాత బ్యాంకు, పళ్ల డాక్టరు, సినిమాహాలు. కూతురి ఆఫీసు కూడా పోయింది. బడి మెట్లు పోతున్నప్పుడు మాత్రం ఆవిడ చప్పున మోకాలి మీద చెయ్యి వేసింది. చిటపటలు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

"లక్ష దాటింది" అంది పక్కింటావిడ.

"దాహంగా ఉంది" అని మెట్లావిడ లేచి వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది.

"కర్ర మర్చిపోయావు వదినా."

"ఉండనీ అక్కడే."

సాయంత్రం ఆవిడ మెట్లు దిగింది. మూడంతస్తులూ దిగినంత సేపూ వాటిని కట్టినవాణ్ణి తిడుతూనే ఉంది. ఎనిమిది అంగుళాలొకటి, అయిదొకటి, మధ్యలో ఒకటి పక్కకి ఒరిగింది. వీధి చివర కొత్త ఇల్లు లేస్తోంది. అక్కడి కుర్ర మేస్త్రీ మెట్లకి కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు బిగిస్తున్నాడు. ఆవిడ కాసేపు ఊరికే చూసింది. ఊరికే చూడడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"పైన ఏం పరుస్తారు నాయనా?"

"నల్లరాయి అమ్మా."

"దాని మందం తీశావా?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. ఆవిడ కొంగు బిగించి, వాడి చేతిలోంచి కొలత దారం లాక్కుని, ఒక కొస వాడికిచ్చి రెండో కొస పట్టుకుని పైకెక్కింది. చీకటి పడేలోగా నాలుగు చెక్కలు ఊడదీయించి మళ్లీ కొట్టించింది. రేపు పొద్దున్నే రమ్మని వాడే అడిగాడు. చూద్దాంలే అంది, అప్పటికే మేకులు ఎన్ని కావాలో లెక్క చెబుతూ.

"అమ్మా."

ఆవిడ ఉలిక్కిపడింది. వెనక్కి తిరిగితే కూతురు, చంకలో ల్యాప్‌టాప్‌తో. ఆ పిల్ల పుట్టాక ఈ ఇరవై తొమ్మిదేళ్లలో, అది ఎదురుగా వచ్చి నిలబడేదాకా తెలియకపోవడం ఇదే మొదలు.

"ఎప్పుడు బయల్దేరావే?"

"ఆరింటికి. నీకు తెలియలేదా?"

"లేదు."

కూతురు తల్లి కాళ్ల వంక చూసింది. దుమ్ము కొట్టుకుపోయి, రెండూ సమంగా నేల మీద ఆని ఉన్నాయి. ఆవిడ ఇసక కుప్ప మీద కూర్చుని, పక్కన చోటు చేత్తో చదును చేసింది.

"పొద్దున ఆ మలుపులో నువ్వు నిలబడ్డంత వరకే తెలుసు నాకు" అంది. "వాడేమన్నాడు, నువ్వేమన్నావు, ఎలా ఒప్పించావు, చూసినవాళ్లు ఏం రాశారు. కూర్చుని అంతా నువ్వే చెప్పాలిక. మొదట్నుంచి చెప్పు."