పచ్చిక కొమ్ము

తల్లికొమ్ము అట, మ్యాటర్ అంటే మదర్ అట, ఎవడు చెప్పాడో ఈ మహానుభావుడికి, అనుకుంది లలితకుమారి, సమావేశం గదిలో చివరి కుర్చీలో కూర్చుని, ఎదురుగా తెరమీద మ్యాటర్‌హార్న్ శిఖరం ఆకాశంలోకి వంకరగా పొడుచుకుని నిలబడి ఉంది, దాని పక్కన ఎర్ర టై కట్టుకుని జగన్మోహనరావు, ఈ కంపెనీ యజమాని, బడిపిల్లల కోసం చేయించిన భూగోళం సీడీని కొనే ముందు చూడవచ్చిన ముగ్గురు టీచర్లకి చూపిస్తున్నాడు, మొన్న ఏప్రిల్లో నేనే స్వయంగా ఆ కొండమీద నిలబడ్డాను అంటున్నాడు, నిలబడింది ఎదుటి గట్టుమీద, అక్కడికీ రైల్లోనే వెళ్లాడు, ఫొటోలో వెనకాల స్టేషన్ బోర్డు కూడా పడింది, ఈయనకి కొండంటే ఫొటోకి వెనక తెర, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కూలిపోతాయని ఊరందరినీ బెదిరించి బతికాడు, ఆ సంవత్సరం వచ్చి ఏమీ కూల్చకుండా వెళ్లిపోయేసరికి ఇప్పుడు పిల్లలకి చదువు చెప్తాడట, గుంటూరు కాలేజీలో పదకొండేళ్లు భూగోళం చెప్పిన తను ఈ సీడీ కోసం నెల కిందటే శుభ్రంగా రాసిచ్చింది, మాట్ అంటే అక్కడివాళ్ల భాషలో పచ్చికబయలు, హార్న్ అంటే కొమ్ము, అదే కొండని అటు ఇటలీవాళ్లు చెర్వీనో అంటారు, ఎత్తు నాలుగువేల నాలుగువందల డెబ్భై ఎనిమిది మీటర్లు అని, చదివి నవ్వాడు, గడ్డికొమ్ము అంటే ఎవరు కొంటారండీ, అమ్మ అంటే పిల్లలకి గుర్తుంటుంది అని కొట్టేశాడు, కాదంటే, ఈ పరాయి దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ సంగతి ఎత్తాడు, అదీ నవ్వుతూనే, ఛీ, అతనికి సిగ్గులేదు సరే, నోరు మూసుకున్న తనకేమైంది.

ముగ్గురిలో నెరిసిన జుట్టు టీచరు చెయ్యెత్తింది, చూస్తేనే గుండె జారే కొండకి అమ్మ పేరెందుకు పెట్టారు అని అడిగింది, జగన్మోహనరావు ఇటు తిరిగి లలితగారు చెప్తారు అన్నాడు, కళ్లతో మాత్రం జాగ్రత్త అన్నాడు, లేచి నిలబడితే అట్లాసు గుర్తు రాలేదు, కుమారమ్మ గుర్తొచ్చింది, ఆఫీసులో కప్పులు కడిగే మనిషి, తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి ఈ దేశంలోనే వేళ్లూనిన కుటుంబం, సగం అరవం, కాస్త ఇక్కడి మలాయి భాష కలిసిన ఆ తెలుగు వింటే లలితకి నవ్వొచ్చేది, భాషా అది అనుకునేది, ఇందాక తెరమీద బొమ్మ చూసి, అమ్మా, దాని కింద ఎవరుంటారు అని అడిగింది, ఎవరో గొడ్లు కాసుకునేవాళ్లు అని తను విసుక్కుంటే, అయితే పేరు ఆళ్లు పెట్టిందే అయ్యుంటాది, మా పేట బుకిట్ బటోక్ లాగ, బుకిట్ అంటే కొండ, బటోక్ అంటే దగ్గు, కొండని మందెట్టి పేలుస్తుంటే దగ్గినట్టు వినపడేదని మా అయ్య చెప్పేవాడు, ఆ క్వారీలోనే రాయి కొట్టాడు, ఆయన దగ్గూ అలాగే ఉండేది, పుస్తకాల్లో ఇంకోలా ఉంటాదేమో నాకు తెలీదు అంది, తను ఊఁ అంటూ ఖాళీ కప్పు ఆమె చేతికిచ్చింది.

అమ్మ కాదు, అది మా తప్పు, కింద పచ్చికలో పశువుల్ని మేపుకున్నవాళ్లు తమ నేల పేరే ఆ కొండకి పెట్టారు, అంది లలిత, టీచరు తలూపి రాసుకుంది, దిద్దాక తీసుకురండి అప్పుడు చూస్తాం అని ముగ్గురూ లేచారు, వాళ్లు లిఫ్టెక్కేదాకా జగన్మోహనరావు నవ్వు చెదరలేదు, తర్వాత మెల్లగా, రేపట్నుంచి మీరు రానక్కర్లేదండీ అన్నాడు.

పాస్ పోతుంది, నెలలో దేశం వదలాలి, అయినా అతని మీద అసహ్యం ఎంత తోడుకుందామన్నా ఊరడం లేదు, బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా ఉంటోంది, ఎన్ని ఫారాల మీద రాసిందో ఆ పేరు, అర్థమేమిటని ఒక్కర్నీ అడగలేదు, ఎందుకడగలేదు, అడగడానికి కింద మనుషులున్నారని తోచనే లేదు, మ్యాపు గీసేవాడు దేన్నైనా పైనుంచే చూస్తాడని పదకొండేళ్లు పిల్లలకి చెప్పింది, కుమారమ్మని తను చూసిందీ అక్కణ్ణుంచే.