తలుపు మీద తీసేసిన మాట

కీవ్‌లోని ఆ ఆసుపత్రి గది తలుపు మీద “అణు అయస్కాంత చిత్రణ” అని రేకు అక్షరాలు బిగించి ఉండేవి. మోత్ర్యాకు ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటితో మొదటి మాట చదివి వెనక్కి తిరిగింది. అణు రియాక్టరు పేలాక ఖాళీ చేయించిన ఊరు ఆమెది.

“ఇందులో రేడియేషన్ లేదమ్మా, ఉన్నది అయస్కాంతమే” అంది డాక్టర్ లెస్యా. “తలలో గడ్డ ఎక్కడుందో చూడందే కొయ్యలేం. ఆలస్యమైతే రెండో కన్నూ పోతుంది. తర్వాత ప్రాణం.”

“మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తాం అన్నారు తల్లీ మమ్మల్ని. ఐదేళ్లయింది.”

ఆ సాయంత్రం భర్త పనాస్ ఒక్కడే వచ్చాడు.

“డాక్టరమ్మా, ఆ ఒక్క మాట పీకేయండి. వస్తుంది.”

“ఏడాదిగా పైవాళ్లను అడుగుతున్నా. మీ దగ్గర స్క్రూడ్రైవర్ ఉందా?”

పనాస్ కోటు జేబులో ఉంది. ఆ మాట అక్షరాలు ఊడదీసి అదే జేబులో వేసుకున్నాడు.

మర్నాడు భార్యను తీసుకొచ్చాడు. “ఇది వేరే గదే, వేరే మిషను” అన్నాడు.

నర్సు పళ్లెం చాపింది. “మెడలో శిలువ, ఉంగరం తీసి ఇందులో పెట్టు, అత్తా. లోపలికి లోహం వెళ్లకూడదు.”

మోత్ర్యా ఉంగరం సగం లాగి ఆగిపోయింది. ఊరు ఖాళీ చేయించిన రోజు బస్సులు దిగిన చోట కూడా ఉంగరాలు తీయించారు, బట్టలు విప్పించి కడిగారు. తలుపు దగ్గరికి వెళ్లి చేత్తో తడిమింది. రంగు వెలవని చోట స్క్రూల రంధ్రాలు తగిలాయి.

“ఇక్కడేముండేది, ముసలాడా?”

“ఏమీ లేదే.”

“అప్పుడూ ఏమీ లేదనే అన్నారు. రాసి పెట్టినప్పుడు నిజమైనా చెప్పారనుకున్నా. ఇప్పుడు దాచారు. తీసిందెవరు?”

పనాస్ నేల చూపులు చూశాడు. “నేనే. నీ కోసమే.”

“నువ్వు కూడానా?”

ఉంగరం వెనక్కి తోసుకుని బయటికి నడిచింది. వరసలో తర్వాతి మనిషి లోపలికి వెళ్లాడు. తలుపు వైపు చూడనైనా లేదు.

చలికాలానికి రెండో కన్నూ పోయింది. శస్త్రచికిత్స చేసే దశ దాటిపోయిందన్నారు. పనాస్ మంచం పక్కన కూర్చుని బయట కనిపించేవన్నీ చెప్పేవాడు.

“మంచు పడుతోందే, మోత్ర్యా.”

ఆమె పక్కింటి హన్నా పాలు తెచ్చేదాకా ఆగి, “హన్నా, బయట మంచు పడుతోందా?” అని అడిగేది.