బళ్ళారి కంటోన్మెంటులో తల్లి గౌను

నేను ఒక నీలం మఖమలు గౌనును. అంతకుముందు బళ్ళారి కంటోన్మెంటులో, తెల్ల అధికారులు భోంచేసే గదికి తెరగా వేలాడేదాన్ని. ఎండకు వెలిసిపోయానని నన్ను దించేశారు. దర్జీ తుకోజీ నన్ను కత్తిరించి, ఒక నాటకం కోసం హార్న్‌బీ అనే తెల్ల సోల్జరు ఒంటికి సరిపడేలా కుట్టాడు. ఫిరంగి బండ్ల గుర్రాలకు లాడాలు కొట్టడం హార్న్‌బీ పని. కొలత తీస్తూ తుకోజీ, "ఇంత ఛాతీకి ఆడగౌనేంది సామీ" అన్నాడు. ఆ మాట అర్థం కాకపోయినా హార్న్‌బీ నవ్వాడు.

ఆ ఏడు వానలతో పాటు కలరా వచ్చింది. బారకుల్లో మంచాలు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్ళు తాగి, గోడకేసి చూస్తూ పడుకునేవారు. అందుకే కెప్టెన్ విండమ్ నాటకం వేయమని హుకుం జారీ చేశాడు.

"జనం నవ్వాలి, అంతే," అన్నాడు. "చనిపోయినవాళ్ళ పేరు ఎవడైనా ఎత్తితే కొట్లో వేస్తాను."

దుఃఖాన్ని కూడా కవాతు చేయించవచ్చని మనుషులు ఎలా అనుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

నాటకం ఓ ముసలి విధవ కథ. ఓడల మీద వెళ్ళిన కొడుకు ఏళ్ళ తర్వాత ఇంటికొస్తాడు. ఆమె గుర్తుపట్టక, దొంగనుకుని చీపురుతో తరుముతుంది. విధవ వేషం హార్న్‌బీది. కొడుకు వేషం అతని పక్క మంచం నేస్తం విల్ పెల్ వేయాల్సింది. రిహార్సల్సు జరుగుతుండగానే విల్ కలరాతో పోయాడు. ఆ వేషం కోలిన్స్ అనే కుర్ర సోల్జరుకిచ్చారు.

ఫిరంగులు పెట్టే కొట్టంలోంచి వాటిని బయటికి లాగేసి, అక్కడే పీపాల మీద పలకలు పరిచి రంగస్థలం కట్టారు. హార్న్‌బీ నన్ను తొడుక్కుని అడుగుపెట్టగానే సోల్జర్లంతా రేకుల కప్పు అదిరేలా నవ్వారు. అతను గొంతు సన్నం చేయలేదు. నడక మార్చలేదు. కుర్చీలో కూర్చుని, ఎవరికోసమో వాకిలి వైపు చూశాడు. ఆ చూపుకే సగం నవ్వులు తగ్గాయి.

తలుపు తెరుచుకుంది. కోలిన్స్ లోపలికొచ్చాడు. హార్న్‌బీ చీపురు ఎత్తాడు. నా కింద అతని గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. చీపురు చేతిలోంచి జారిపోయింది.

"వచ్చావా, విల్," అన్నాడు.

ఆ మాట నాటకంలో లేదు. వెనక బెంచీల్లో మొదలైన నవ్వు మధ్యలోనే ఆగింది. హార్న్‌బీ రెండు మొరటు చేతులతో ఆ కుర్రవాడి ముఖం తడిమాడు.

"తడిసిపోయావు, నాయనా. పొయ్యి దగ్గరికి రా. ఇంత ఆలస్యమైందేం?"

కోలిన్స్ నా భుజం మీద తల ఆనించి, "దారి చాలా దూరమమ్మా" అన్నాడు.

కొట్టంలో ఒకడు టోపీ తీశాడు. పక్కవాడు తీశాడు. వరుస వెంట వరుస టోపీలు దిగాయి. నేను వట్టి తెరగుడ్డనని ఆ క్షణంలో మరిచిపోయాను.

కిటికీ బయట తుకోజీ, అతని భార్య సాంబక్క నిలబడి చూస్తున్నారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని సాంబక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆయమ్మ బిడ్డ నిజంగా వచ్చినట్టు లేదు," అంది. "లేనోడితో మాట్లాడతాండాది."

"ఆయమ్మ కాదే, మొగోడు. కొలత తీసింది నేనే గదా."

"మొగోడైతే ఏమి? ఇప్పుడు తల్లే."

తెర పడ్డాక కెప్టెన్ విండమ్ రంగస్థలం వెనక్కి వచ్చాడు. హార్న్‌బీ నన్ను విప్పకుండానే అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. శిక్ష ఇప్పుడే పడుతుందని అందరూ పక్కకు తప్పుకున్నారు. కెప్టెన్ టోపీ తీసి, పెద్దింటి ఇల్లాలి ముందు వంగినట్టు తల వంచాడు.

"మీ అబ్బాయి మంచివాడమ్మా. నేనెరుగుదును," అన్నాడు.

మర్నాడు ఉదయం కెప్టెనే సోల్జరు హార్న్‌బీని కొట్లో వేయించాడు. హుకుం హుకుమే. వెళ్తూ హార్న్‌బీ సంతోషంగానే కనిపించాడట. ఆ సాయంత్రమే బారకుల్లో మనుషులు చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. విల్ ఈల ఎలా వేసేవాడో ఒకడు వేసి చూపించాడట. కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు. ఎవరినీ ఎవరూ ఆపలేదు.

పటాలం నన్ను ఇక్కడే వదిలేసి బర్మాకు వెళ్ళిపోయింది. తర్వాత నాటక సమాజాలవాళ్ళు నన్ను రాణి వేషాలకు తొడిగారు. బాగా పాడేవాళ్ళే. ఎవరి గుండె చప్పుడూ మళ్ళీ అలా వినపడలేదు.

ఇప్పుడు ఓ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాను. కింద 'దొరసాని దుస్తులు' అని రాశారు. చూడవచ్చినవాళ్ళు ఎవరా దొరసాని అని అడిగితే, కాపలా మనిషి తెలియదంటాడు. ఓ ఇల్లాలు మాత్రం మొన్న చాలాసేపు అద్దం ముందు నిలబడి, "ఎవరి తల్లో, పాపం" అని వెళ్ళిపోయింది.