చుక్కల పురుగు

మందు పంపు ఇంకోసారి భుజాన వేసుకుంటే మనిషి దక్కడని రాయమల్లుకు డాక్టరు చెప్పి ఏడాదైంది. అంతకుముందే పత్తికి మందు కొడుతూ చేలో పడిపోయాడు. అందుకే ఈసారి అతని భార్య రాజక్క పత్తి మానేసి, మందు లేకుండా పండిస్తానని యాసంగికి పది గుంటల్లో ఆలుగడ్డ పెట్టింది.

ఆమెను ఒప్పించింది నేనే. మందు లేని సాగు నేర్పడం నా ఉద్యోగం. నాలుగు రోజుల ట్రైనింగు, ఒక రంగుల పుస్తకం, అంతే నా చదువు. మాటలు మాత్రం కోటలు దాటేవి. మీటింగులో ఫొటో చూపించి, "ఎర్ర వీపు, నల్ల చుక్కలు. ఇది మిత్రపురుగు. పేనుబంకను తింటది. చంపొద్దు" అన్నాను.

డిసెంబరులో రాజక్క ఫోన్ చేసింది.

"మేడం, చుక్కల పురుగులు మస్తుగున్నయి. ఆకులన్నీ జల్లెడైతానయి. మా ఆయన ఏరి పారేస్తనంటాండు."

నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంటికి పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. వెళ్లి చూడాలంటే బద్ధకం వేసింది.

"అవి ముట్టుకోవద్దక్కా. ఆకులు తినేది వేరే పురుగై ఉంటది. జర ఓపిక పట్టున్రి."

పది రోజులకు గానీ వెళ్లలేదు. చేలో ఎవరూ లేరు. మొక్కలకు ఈనెలే మిగిలాయి. మిగిలిన ఆకుల అడుగున పసుపుపచ్చ ముళ్ల పిల్లపురుగులు పచ్చదనాన్ని గోకి తింటున్నాయి. పక్కనే పెద్దవీ తింటున్నాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. మిత్రపురుగు వీపు నున్నగా మెరుస్తుంది, చుక్కలు కొన్నే. దీని వీపు మసకగా ఉంది, సన్నని నూగు, లెక్కలేనన్ని చుక్కలు. మొదట్లోనే చేత్తో ఏరేస్తే పోయేవి. నేను చంపొద్దన్నది ఈ ఆకులు తినే పురుగునే.

పక్క చేను పండరి నన్ను చూసి వచ్చాడు.

"రాజక్క ఏడుస్తాంటే రాయమల్లు సూడలేకపోయిండు మేడం. పొద్దుగాల ఆమెకు చెప్పకుంట నా పంపు తీస్కపోయి మందు కొట్టిండు. రెండు సాళ్లు గాకముందే పడ్డడు. వరంగల్ దవాఖానకు తీస్కపోయిన్రు."

నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. మార్చురీ ముందు నేల మీద కూర్చుని ఉంది రాజక్క. నన్ను చూసి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

నా చెయ్యి పట్టుకుంది.

"మీరు చెప్పినట్టే చేసిన మేడం. ఒక్క పురుగును గూడ ఆయనను ముట్టనియ్యలే."