నాలుగు సెకన్ల నిద్ర

నా భార్యను చంపిన నిద్రను పరిశోధనాలయం రెండో అంతస్తులో ఉంచారు. దాని నిడివి నాలుగు సెకన్లు. సోమవారం ఉదయం పది గంటలకు వచ్చి చూసుకోవచ్చని ఉత్తరం వస్తే, బడికి ఒంటిపూట సెలవు పెట్టి బస్సెక్కుతాను.

లారీ డ్రైవరు సన్యాసిరావు కళ్లు మూసుకుపోయింది నాలుగు సెకన్లే. ఆ సమయంలో జలజ స్కూటీ మీద బడికి వస్తోంది. ఒకటో తరగతి పిల్లలు ప్రార్థన వరసలో నిలబడి తమ టీచరు కోసం గేటు వైపు చూస్తున్నారు. ఇది జరిగి పదకొండు నెలలు.

మెట్లు ఎక్కేకొద్దీ రెండో అంతస్తు పైకి జరుగుతుంది. నేను తొందరపడను. చివరికి అదే అలిసిపోయి ఆగుతుంది.

వరండాలో బెంచీ మీద సన్యాసిరావు కూర్చుని ఉన్నాడు. అతనికి కనురెప్పలు లేవు. పక్కన అతని భార్య చిలకమ్మ చెంచాతో అతని కళ్లలో నీళ్లు వేస్తోంది. నన్ను చూసి అతను లేవబోతాడు.

"కూకో," అంటుంది చిలకమ్మ. "నువ్వు లెగిస్తే ఆ తల్లి లెగుత్తాదేటి?" తర్వాత నా వైపు తిరుగుతుంది. "మాస్టారు బాబూ, పదకొండు నెల్లయి ఈడు కన్ను మూయలేదు. ఈడితోపాటు నానూ మూయలేదు. తిట్టండి, కొట్టండి. ఆ నిద్దర ఈడికిచ్చీమని మాత్రం ఒక్క ముక్క సెప్పండి."

నేను వాళ్లను దాటి గదిలోకి వెళ్తాను. నా నోట్లో ఉన్నవి బడిలో వాడే మాటలు కావు.

డాక్టర్ ఇందుమతి మెదడు మనిషిని ఎలా నిద్రపుచ్చుతుందో, ఎలా లేపుతుందో ఇరవై ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. నాకు కుర్చీ చూపించి, బోర్డు మీద మెదడు బొమ్మ గీస్తారు. బొమ్మ బాగుంది.

"లోపల ఒక స్విచ్ లాంటిది ఉంటుంది మాస్టారూ. అటు మెలకువ, ఇటు నిద్ర. మధ్యలో ఆగదు. మూడు రోజులు పడుకోకపోతే దానంతట అదే పడిపోతుంది. మనిషిని అడగదు."

"ఆ మూడు రోజులూ అతన్ని ఎవరు పడుకోనివ్వలేదు?"

"అది మా పరిశోధనలోకి రాదండీ."

"మరి ఏది వస్తుంది?"

"నాలుగు సెకన్లు."

నా కోపాన్ని ఆమె బల్ల మీద పెడతాను. బల్ల కాళ్లు నేలలోకి అంగుళం దిగుతాయి. ఆమె కాగితాలు జారకుండా పట్టుకుంటారు.

గది మూలన నిద్ర పడుకుని ఉంది. దూడంత ఉంది. దానికి కళ్లు లేవు; సన్యాసిరావు రెప్పలు మాత్రం ఉన్నాయి, మూసుకుని. లోపలి నుంచి స్కూటీ చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. సైలెన్సరు బాగు చేయిస్తానని చెప్పి చేయించనిది నేనే.

"ఆవిడ ఇంకా దారిలోనే ఉన్నారు," అంటారు ఇందుమతి. "ఈ నిద్ర పూర్తి కాలేదు. మీరు సంతకం పెడితే రెప్పలు అతనికి వెళ్లిపోతాయి, మిగిలిన ఒక్క సెకనూ గడుస్తుంది. పెట్టకపోతే ఇద్దరూ ఇలాగే ఉంటారు."

"ఆమె దారిలో ఉందని నాకెవరూ చెప్పలేదు."

"కొలతలు పూర్తవ్వాలి కదండీ."

ఆమె స్కూటీ మీద ఉండగా నేను ఆమెకు పదకొండు మాసికాలు పెట్టాను. బల్ల సగం దాకా నేలలోకి దిగిపోతుంది.

వరండాలో చెంచా గిన్నెకు తగులుతుంది. కాసేపాగి మళ్లీ తగులుతుంది.

"లోపలికి వెళ్లవచ్చా?" అంటాను.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదు," అంటారు ఆమె, రాసుకుంటూ.

సంతకం పెడతాను. పాళీ కాగితాన్ని చించుకుని చెక్కలో దిగుతుంది. రెప్పలు కదలగానే వాటి మధ్య నుంచి దూరతాను.

లోపల హైవే మీద ఎండ కాస్తోంది. "ఎక్కండి, బెల్లు కొట్టేస్తారు," అంటుంది జలజ, బండి ఆపకుండానే. నేను ఎక్కను. ఆమెను దాటి వెళ్లి రోడ్డు మధ్యలో నిలబడతాను. ఎదురుగా లారీ వస్తోంది. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. సీటు మీద ఫోను మోగుతోంది; తెర మీద 'ఓనరు' అని ఉంది. ఆకాశమంతటా సన్యాసిరావు గురక మొదలవుతుంది.

"గోడకుర్చీ వెయ్యి," అంటాను లారీతో. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో ఇంత నెమ్మదిగా ఎవరికీ చెప్పలేదు.

లారీ ఆగుతుంది. వెనక చక్రాల మీద లేచి, ఆకాశానికి వీపు ఆనించి, మోకాళ్లు వంచుతుంది. చేపల లోడులోని మంచు కరిగి రోడ్డు మీద కారుతుంది. ఫోను మోగుతూనే ఉంది.

జలజ బండి దిగి నా పక్కకు వస్తుంది. "వణుకుతోందండీ పాపం. ఇంక లెమ్మనండి."

నిజంగానే వణుకుతోంది. నేను లెమ్మనను.